మావయ్యతో రాజకీయం: పర్లాకిమిడి నుంచి ఒక కేస్ స్టడీ

నేను కార్మిక సంఘంలో శిక్షణ తరగతులు చూస్తాను. ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో కాంట్రాక్టు కార్మికులకు, అంగన్‌వాడీ వాళ్లకు, ఆశా కార్యకర్తలకు చట్టాలు, హక్కులు, కాస్త చరిత్ర చెప్పడం నా పని. సగం తెలుగు, సగం ఒడియా. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు లేచి ఇదే అడుగుతారు: "ఊళ్లోవాళ్లతో మాట్లాడగలం గానీ, ఇంట్లో చదువుకున్న పెద్దాయన ఒకరుంటారు, ఆయనతో ఎలా మాట్లాడాలి?" దానికి జవాబుగా ఈ కేసు రాస్తున్నాను. ఇది మా మేనమామ కేసు. ఆయన మొత్తం చదివి, రెండు చోట్ల దిద్ది, పేరు లేకుండా అయితే సరేనన్నాకే బయటపెడుతున్నాను.

నేను చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఉదారవాదిని సోషలిజం వైపు తేవాలంటే తన నమ్మకాలు వదిలేయమని అడగక్కర్లేదు. స్వేచ్ఛ గురించి ఆయన నమ్మిందంతా ఆస్తి లేనివాడికి కూడా దక్కాలంటే ఏం కావాలో ఆయనతో కలిసి వెతికితే చాలు. వాదనల కంటే ఈ వెతుకులాటే ఆయన్ని ఎక్కువ దూరం తీసుకొస్తుంది.

మావయ్య నేపథ్యం

మావయ్యకు డెబ్బై దాటాయి. పుట్టి పెరిగింది పర్లాకిమిడిలోనే, రాజావారి కాలేజీలో బీఏ, పొలిటికల్ సైన్స్. తర్వాత ఆంధ్రా బ్యాంకు. చేరినప్పుడు అది ప్రైవేటు బ్యాంకు, 1980లో జాతీయం అయింది. సర్వీసంతా సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న బ్రాంచీల్లోనే గడిచింది.

వాళ్ల నాన్న స్వతంత్ర పార్టీ మనిషి, అంటే వ్యాపారంలో సర్కారు జోక్యం వద్దనే రాజాజీ పార్టీ. మా ప్రాంతంలో ఆ పార్టీకి గట్టి పట్టుండేది. గౌతు లచ్చన్నగారు అందులో ఉన్నారు. 1967లో ఎన్జీ రంగా శ్రీకాకుళం నుంచే లోక్‌సభకు గెలిచారు. ఇటు ఒడిశాలో అదే ఏడాది స్వతంత్ర పార్టీ నాయకుడు ఆర్.ఎన్. సింగ్‌దేవ్ ముఖ్యమంత్రి అయ్యారు. రాజాజీ 'లైసెన్సు పర్మిట్ రాజ్యం' మీద విరుచుకుపడిన కాలం అది. మావయ్య ఆ మాటలు వింటూ పెరిగారు, ఆపైన స్కూటరుకీ టెలిఫోనుకీ ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 1991లో ఆర్థిక సంస్కరణలు రావడం ఆయనకు విముక్తి లాంటిది. దీన్ని అజ్ఞానమని కొట్టిపారేసేవాళ్లు ఈ పని మొదలుపెట్టకపోవడమే మంచిది. ఆయన అనుభవం నిజం.

ఇంకో సంగతి కూడా ఉంది. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర గిరిజన సభకు వెళ్తున్న కోరన్న, మంగన్నలను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ తర్వాత గిరిజనుల సాయుధ పోరాటంతో, దాని అణచివేతతో మూడేళ్లు శ్రీకాకుళం ఏజెన్సీ రక్తంలో తడిసింది. పర్లాకిమిడి అక్కడికి కూతవేటు దూరం. ఎర్రజెండా అనగానే మావయ్యకు ఆ రోజుల టెన్షనే గుర్తొస్తుంది.

ఇక మనిషిగా చూస్తే, ఎమర్జెన్సీని బాహాటంగా తిట్టినవాడు. కూతురు వేరే కులం అబ్బాయిని చేసుకుంటానంటే బంధువులందరినీ ఎదిరించి పెళ్లి చేసినవాడు. గిడుగు రామమూర్తిగారు ఈ ఊళ్లో సొంత డబ్బుతో సవర గిరిజనుల పిల్లలకు బడి పెట్టారని చెబుతుంటే ఆయన గొంతు మారిపోతుంది. ఇలాంటి మనిషి మన వైపు లేకపోవడం ఆయన లోపమా, మన లోపమా అని నేను చాలాసార్లు ఆలోచించాను.

ఎలా మొదలుపెట్టాను

దాపరికం లేకుండా మొదలుపెట్టాను. "మావయ్యా, మిమ్మల్ని మా వైపు తిప్పుకోవాలని చూస్తున్నాను. తెలియకుండా చేయడం ఇష్టంలేక చెప్పి మరీ చేస్తున్నా" అన్నాను. "తిప్పు చూద్దాం. నేనూ నిన్ను తిప్పుతా" అన్నారు. శిక్షణ తరగతుల్లో దీన్ని నొక్కి చెబుతాను. పెద్దవాళ్లకు తమ మీద ఎవరో ప్రయోగం చేస్తున్నారని అనుమానం వస్తే ఇక తలుపు తెరుచుకోదు. తెరుచుకోకపోవడమే న్యాయం కూడా.

తర్వాత ఆయన నమ్మకాలను నేనే ఒక కాగితం మీద రాసి చేతికిచ్చాను. ప్రభుత్వం వ్యాపారం చేయకూడదు, ఇష్టపడి రాసుకున్న ఒప్పందంలో మూడోవాడు తలదూర్చకూడదు, బీదవాళ్లకు సాయం ఉన్నవాళ్ల బాధ్యతే గానీ బలవంతం కాదు, మాట్లాడే హక్కు అన్నిటికంటే పైన. చదివి, "నాకంటే నువ్వే బాగా రాశావే" అన్నారు. ఎదుటివాళ్ల వాదన వాళ్లే మెచ్చేలా చెప్పగలిగేదాకా మన వాదన ఎత్తకూడదని నా పద్ధతి.

కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. పెళ్లిళ్లలో, నలుగురి ముందు రాజకీయం వద్దు. వాట్సాప్ ఫార్వర్డులు అసలే వద్దు. ఒక్కసారి కూర్చుంటే ఒక్కటే విషయం. "చూసి చెప్తా" అని ఎవరన్నా ఆ పూటకు మాట ఆపేయాలి. ఈ చివరిది చాలా ముఖ్యం. మనసు మార్చుకునే మనిషికి ఏకాంతం కావాలి, ఎదురుగా కూర్చుని గెలిచిన ముఖం పెట్టకూడదు.

కరెంటు, రైలు, పింఛను

మొదట ఆయనే సవాలు విసిరారు. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి రైలు వేయించింది రాజావారు, సర్కారు కాదు కదా అన్నారు. నిజమే, ఒప్పుకున్నాను. అయితే ఆ చిన్న లైనును గుణుపురం దాకా బ్రాడ్‌గేజ్‌గా మార్చింది ప్రజల డబ్బు. మా ఊరి టికెట్ల రాబడి చూసుకుని ఏ కంపెనీ ఆ పనికి ముందుకు వస్తుందని అడిగాను. నవ్వి వదిలేశారు. ఇది పెద్ద ప్రభావం చూపలేదు.

కరెంటు దగ్గర మాత్రం ఆగాం. దేశంలో విద్యుత్ పంపిణీని మొదట ప్రైవేటుకు ఇచ్చింది ఒడిశాయే. 1995లో చట్టం, 1996 ఏప్రిల్ నుంచి అమలు, 1999లో పంపిణీ సంస్థల అమ్మకం. మా దక్షిణ ఒడిశాతో కలిపి మూడు జోన్లు ప్రైవేటు కంపెనీ బీఎస్‌ఈఎస్‌కు వెళ్లాయి, మధ్య జోన్ అమెరికా కంపెనీ ఏఈఎస్‌కు. ఆ అక్టోబర్‌లోనే సూపర్ సైక్లోన్ వచ్చింది. 2001లో ఏఈఎస్ వదిలేసి వెళ్లిపోయింది. మిగతా మూడు లైసెన్సులను 2015లో విద్యుత్ నియంత్రణ కమిషనే రద్దు చేసింది. 2021 జనవరి నుంచి మా జోన్‌లో 51 శాతం వాటా టాటా పవర్‌ది.

ఈ తేదీలన్నీ మావయ్యే పాత పేపర్ కటింగుల నుంచి వెతికి రాసుకొచ్చారు. పోటీ పెరిగితే సేవ బాగుపడుతుందన్నది ఆయన సూత్రం. ఇంటికి వచ్చే తీగ ఒక్కటే కాబట్టి ఇక్కడ పోటీయే లేదని ఆయనే గమనించారు. "ఇప్పుడు కొత్తవాళ్లు బాగానే చేస్తున్నారుగా" అని కూడా అన్నారు. చేస్తే మంచిదే. నేనడిగింది ఒక్కటే: నష్టం వస్తే లైసెన్సు వదిలేసి పోయే వీలు కంపెనీకి ఉంది, పర్లాకిమిడి వదిలేసి పోయే వీలు మనకు లేదు, మరి నష్టభయం ఎవరు మోస్తున్నట్టు? "చూసి చెప్తా" అన్నారు. చాలా వారాల తర్వాత ఏదో మాటల్లో, "తీగలు, నీళ్లు, రైలు పట్టాలు ప్రజల చేతిలోనే ఉండాలిలే" అన్నారు. నేను దాన్ని సాగదీయలేదు.

పింఛను విషయంలో ఆయనకు తెలిసిన తీర్పునే ముందు పెట్టాను. పింఛనుదారులందరికీ నకారా తీర్పు తెలుసు. 1982 డిసెంబర్ 17న సుప్రీంకోర్టు ఇచ్చింది, ఆ రోజును ఇప్పటికీ పింఛనుదారుల దినంగా జరుపుకుంటారు. పింఛను దానం కాదు, చేసిన సేవకు హక్కుగా రావాల్సిందని తేల్చిన తీర్పు. మావయ్యకు అది కంఠతా వచ్చు. రాజ్యాంగ పీఠికలో 'సోషలిస్టు' అన్న మాటను ఎమర్జెన్సీలో, 1976లో దొడ్డిదారిన చొప్పించారని కూడా ఆయన ఎప్పుడూ అంటుంటారు. చొప్పించిన పద్ధతి మీద ఆయన కోపం సబబే. కానీ నకారా తీర్పులో న్యాయమూర్తులు ఆధారం చేసుకున్న వాటిలో ఆ మాట కూడా ఉంది. ఆ పేరా తీసి చూపించాను. ఆయన అన్నేళ్లుగా తీర్పు సారాంశమే తప్ప ఆ పేరా చదవలేదు. బ్యాంకు ఉద్యోగుల పింఛను కూడా 1993లో యూనియన్లు సాధించుకున్న ఒప్పందం వల్లే వచ్చింది. 2010 ఏప్రిల్ నుంచి చేరినవాళ్లకు అది లేదు. ఆయన కొడుకు వయసు పిల్లలంతా మార్కెట్‌తో పాటు పెరిగి తరిగే పింఛను ఖాతాల మీదే బతకాలి. దీని మీద నేను వ్యాఖ్యానం చేయలేదు, ఆయనా చేయలేదు.

పాస్‌బుక్కులు

ఈ కేసులో అసలు మలుపు ఇక్కడుంది.

ఊళ్లోనే ఒక కాంట్రాక్టరు కింద ఊడ్చి తుడిచే పని చేసే ఆడవాళ్లు మా సంఘానికి వచ్చారు. జీతం బ్యాంకులో పడుతోంది గానీ చేతికి తక్కువ వస్తోందని గోడు. లెక్క చూడటానికి నాకంటే మావయ్య సమర్థుడు. ఒకసారి చూడమని అడిగాను. వాదన నెగ్గడానికి పిలవలేదు, ఆయన చేయి నిజంగా అవసరమైంది.

వరండాలో బల్ల వేసి, పాస్‌బుక్కులు వరుసగా పరిచారు. కళ్లజోడు మార్చి, చెక్క స్కేలు ఒక్కో లైను కింద పెట్టి, ఎర్ర బాల్‌పెన్నుతో టిక్కులు పెట్టుకుంటూ వెళ్లారు. మొదటి పుస్తకం, రెండోది, మూడోది. మూడో దాని దగ్గర స్కేలు ఆగింది. వెనక్కి వెళ్లి మొదటిది మళ్లీ తెరిచారు. జీతం జమైన మర్నాడు, ఒకే ఏటీఎం నుంచి, ప్రతి ఖాతాలోనూ ఒకే మొత్తం డ్రా అయింది. ఆ పై నెలా అంతే. అంతకు ముందు నెలా అంతే.

"ఇంతమందికి ఒకే రోజు ఒకే డబ్బు అవసరం పడదమ్మా" అని నాతో అని, ఎదురుగా కూర్చున్న పెద్దావిణ్ణి అడిగారు: "ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుంది?"

"ఆళ్లకాడే ఉంటాది బాబూ. పనిలోకి ఎట్టుకున్నప్పుడే తీసీసుకున్నారు. నంబరు కూడా చెప్పీసినాం."

"ఇవ్వనని అనలేకపోయావా?"

"అంటే రేపట్నించి రావొద్దంతారు."

మావయ్య పెన్ను మూత పెట్టి, మళ్లీ తీశారు. ఒప్పందం పవిత్రమని నలభై ఏళ్లుగా నమ్మిన మనిషి. కాగితం మీద ఆవిడ వేలిముద్ర ఉంది, బలవంతం చేసినవాడు ఎవరూ లేడు, చట్టప్రకారం జీతం పూర్తిగా ఖాతాలో పడింది. ఆయన సూత్రాల ప్రకారం ప్రతి గడీ నిండింది. కానీ ఆవిడకు కాదనే వీలే లేదు. కాదనలేనివాడి 'సరే'కి విలువేమిటన్న ప్రశ్న ఆ రాత్రి ఆయనే ఫోన్ చేసి నన్ను అడిగారు. నేను ఏడాది వాదించినా ఆ ప్రశ్న ఆయనలో పుట్టించగలిగేదాన్ని కాదు.

కార్మిక శాఖకు అర్జీ ఆయనే రాశారు. నెలవారీ పట్టిక, ఏటీఎం వివరాలు, తేదీలు, బ్యాంకు ఇన్‌స్పెక్షన్ రిపోర్టులా ఉంది. అప్పటికి అమల్లో ఉన్న 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టం ప్రకారం కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే పని చేయించుకునే అసలు యజమానే కట్టాలి. ఆ సెక్షను నేను చూపించాను, ఆయన అర్జీలో పెట్టారు. కార్డులు వెనక్కి వచ్చాయి. పాత డబ్బులో కొంత వచ్చింది. తర్వాత కాంట్రాక్టు మారినప్పుడు, ముందు నిలబడి మాట్లాడిన ఇద్దరిని కొత్త కాంట్రాక్టరు తీసుకోలేదు.

మావయ్యకు కోపం రావడం నేను చాలా అరుదుగా చూశాను. ఆ రోజు వచ్చింది. "ఒక్కరొక్కరుగా ఫిర్యాదు చేస్తే ఒక్కరొక్కరుగానే తీసేస్తారు. అందరూ కలిసి పెట్టాల్సింది" అన్నారు. యూనియన్ ఎందుకో మా సంఘం కరపత్రంలో రాసుకున్నదానికంటే ఇది బాగుంది. ఆ ఇద్దరినీ వెనక్కి తీసుకోవాలని మిగతావాళ్లంతా పని ఆపినప్పుడు, ఆయన వచ్చి వాళ్ల పక్కన కూర్చున్నారు. ఒకరు తిరిగి చేరారు. రెండో ఆవిడ అప్పటికే సూరత్ వెళ్లిపోయింది. గంజాం, గజపతి నుంచి బతుకుతెరువుకి సూరత్ పోవడం మా దగ్గర తరాలుగా ఉన్నదే.

పుస్తకాల వైపు

పాస్‌బుక్కుల తర్వాతే పుస్తకాలు తీశాను. ముందే తీసి ఉంటే అది పాండిత్య ప్రదర్శన అయ్యేది. జాన్ స్టూవర్ట్ మిల్ ఆయన బీఏ రోజుల దేవుడు. ఆ మిల్లే, తానూ తన భార్య హారియెట్టూ చివరికి సోషలిస్టుల కోవలోకే వస్తామని 1873లో వెలువడిన ఆత్మకథలో చెప్పుకున్నాడు. మావయ్య నమ్మలేదు. సొంత ప్రతి తీసి చూసుకున్నారు. తర్వాత ఎదురు పాయింటు పట్టుకొచ్చారు: మిల్ మెచ్చింది కార్మికులే యజమానులైన సహకార సంస్థలను, అన్నీ సర్కారు చేతిలో పెట్టడాన్ని కాదు. ఆ పాయింటు ఆయనదే, పూర్తిగా ఒప్పుకున్నాను. మా తరగతుల్లో ఇప్పుడు సహకార సంస్థలకు చోటు పెంచాం.

అంబేద్కర్ సంగతీ అంతే. 1949 నవంబర్ 25 ప్రసంగంలో, రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని హెచ్చరించారు. అంతకు రెండేళ్ల ముందు రాజ్యాంగ సభకు రాసిన పత్రంలో కీలక పరిశ్రమలు, బీమా, వ్యవసాయం రాజ్యం చేతిలో ఉండాలని, అయితే పార్లమెంటరీ ప్రజాస్వామ్యం ఉండి తీరాలని కోరారు. ఈ రెండో షరతు మావయ్యకు ఊరటనిచ్చింది. లేవిడి రోజుల భయం అక్కడ కొంత సడలింది.

నియమగిరి కొండల గురించి ఆయనకు నేను చెప్పాల్సిన అవసరమే రాలేదు. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 12 గ్రామసభలూ బాక్సైట్ గని వద్దన్నప్పుడే ఆయన అదీ ప్రజాస్వామ్యమంటే అన్నారు. కొండ మీద బతికేవాళ్లు కొండ భవిష్యత్తు తేల్చుకోవచ్చు, మరి మిల్లులో బతుకు గడిపేవాళ్లకు మిల్లు విషయంలో ఒక ఓటైనా ఉండొద్దా అని మాత్రం అడిగాను. దీనికి ఇంకా జవాబు రాలేదు, "చూసి చెప్తా" లోనే ఉంది.

ఒక జాగ్రత్త. అత్తయ్యకు గుండెకు స్టెంట్ వేశారు. ఆ బాధను నేను ఏ వాదనలోనూ వాడలేదు. ఇంట్లో జబ్బుని ఉదాహరణగా ఎత్తితే మనిషి మన ముందు నిస్సహాయుడవుతాడు, అలాంటి ఒప్పుకోలు మనకొద్దు. ఆ బిల్లు మావయ్యే తెచ్చారు. 2017 ఫిబ్రవరిలో ప్రభుత్వం మందు పూత స్టెంటుకు 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. అంతకు ముందు లక్ష దాటి పలికేవి. ధరల్లో సర్కారు తలదూర్చకూడదన్న మనిషి, ఆపరేషన్ బల్ల మీద పడుకున్నవాడు ఏం బేరమాడతాడని తనే అన్నారు.

మారింది, మారనిది

విద్య, వైద్యం, కరెంటు, నీళ్లు, బ్యాంకులు ప్రజల చేతుల్లో ఉండాలని ఇప్పుడు ఆయనే వాదిస్తున్నారు. 1969లో దేశమంతా కలిపి ఎనిమిది వేల పైచిలుకు బ్యాంకు శాఖలుంటే 1990 నాటికి 59 వేలు దాటాయి. సవర గూడేలకు పంట అప్పులు పట్టుకెళ్లిన తన ఉద్యోగ జీవితం ఆ అంకెల్లో ఉందని ఆయన గుర్తించారు. యూనియన్ హక్కును మాట్లాడే హక్కు పక్కనే పెడుతున్నారు.

సర్కారు సంస్థల్లో రాజకీయ జోక్యం మీద మాత్రం ఒక్క అడుగు వెనక్కి వేయలేదు. 1990 రుణమాఫీ సమయంలో తన బ్రాంచిలో చూసినవి చెబుతారు. ఒకే పార్టీ పాలించిన దేశాల్లో పత్రికలకు, రచయితలకు ఏమైందో గుర్తు చేస్తారు. వీటిలో ఆయన మారాలని నేను కోరుకోవడం లేదు. మా తరగతుల్లో స్వేచ్ఛ గురించి ఒక పాఠం ఆయనే చెబుతున్నారు, సోషలిస్టు ప్రభుత్వాలు ఎక్కడెక్కడ తప్పాయో దాచకుండా చెప్పాలన్నది ఆయన పెట్టిన షరతు. పాస్‌బుక్ చదవడం ఎలా అనే పాఠం కూడా ఆయనదే, దానికే గిరాకీ ఎక్కువ. ఎవరికి ఓటేస్తున్నారో నేనడగలేదు.

ప్రస్తుతం మా మధ్య నడుస్తున్న విషయం ఆయన ఎత్తుకున్నదే. వాళ్లకు ఊరవతల కాస్త పొలం ఉంది. ఒక కుటుంబం తరాలుగా భాగానికి చేస్తోంది. 1960 ఒడిశా భూసంస్కరణల చట్టం కౌలుకివ్వడాన్ని చాలావరకు నిషేధించింది. అందుకే భాగానికి చేసేవాళ్ల పేరు ఎక్కడా కాగితం మీద ఉండదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపానుకు పంట పోతే పరిహారం మావయ్య ఖాతాలో పడింది, ఆయన తీసి వాళ్లకిచ్చేశారు. అప్పుడది తన మంచితనం అనుకున్నారు. ఇప్పుడు, "నేను ఇవ్వకపోతే వాడేం చేసేవాడు?" అని అడుగుతున్నారు. ఆ కుటుంబం పేరున కొంత భూమి రాసివ్వాలని ఆయన ఆలోచన. అత్తయ్య ఒప్పుకోవడం లేదు, పిల్లల మాట కూడా వినాలంటోంది, ఆమె అడిగేదీ సబబే. పిల్లలు దసరాకు వచ్చినప్పుడు అందరూ కూర్చుని మాట్లాడుకోవాలని అనుకున్నారు. నన్ను కూడా రమ్మన్నారు, వాదించడానికి కాదు, పట్టా కాగితాలు చదవడానికి.